ఇంట గెలువనిచ్చితిమా?

2022వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చి 75 సంవత్సరములు నిండినవి. ఇంటింటను మూడువన్నెల పతాకము రెపరెపలాడినది. ఊరూర ఉత్సవములు జరిగినవి. ఆ దినముననే, ప్రపంచమున ఫుట్బాలు వ్యవహారముల నెల్ల నడుపు ఫీఫా యను సంస్థ, మన అఖిలభారత ఫుట్బాలు సమాఖ్యను అంతర్జాతీయ రంగమునుండి బహిష్కరించుచు నిర్ణయము గావించినది. మఱి మూడు దినములకు, అనగా 18వ తేదీన, సైప్రసు ద్వీపమునందలి ఎంగోమి పట్టణమున, ఐరోపాఖండపు మహిళా క్లబ్బులకెల్ల సర్వోత్తమమైన ఛాంపియన్స్ లీగు పోటీలో, ఇరువదియేండ్ల ప్రాయముగల పంజాబు పల్లెటూరి పిల్ల యొకతె ఆట 60వ నిమిషమున మైదానమున నడుగిడినది. ఆ పోటీలో ఆడిన భారతీయులలో ఆమెయే ప్రథమురాలు. ఆమె పేరు మనీషా కల్యాణ్. ఆమె ఆడిన అపోలోన్ జట్టు ఆనాడు లాట్వియా దేశపు రీగా జట్టును 3-0 గోలుల తేడాతో నోడించినది.

మూడు దినముల యెడములో ఒకే దేశమునకు, ఒకే క్రీడయందు, అపకీర్తియు సత్కీర్తియు కలిగినవి. అపకీర్తిని తెచ్చినవారు ఆసనములమీద కూర్చుండిన పెద్దలు. సత్కీర్తిని తెచ్చినది ఒక బాలిక. ఈ రెండు సంగతులను వేఱువేఱుగా చదివినవారు మొదటిదానికి నిట్టూర్పు విడిచి, రెండవదానికి చప్పట్లు చఱచి ఊరకుండిరి. మేము రెంటిని ఒక్కచోట నుంచి చూడవలెననుచున్నాము. ఏలయన, ఆ రెండును ఒకే కథలోని రెండు పుటలు.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పినారు. మనీషా రచ్చ గెలిచినది. ఆమెను మనము ఇంట గెలువనిచ్చితిమా? ఇంట గెలుచుటకు వలసిన తావును, కాలమును, ఆటలను ఆమెకు సమకూర్చితిమా? ఇదియే నేటి మా ప్రశ్న. ఈ పిల్లను పొగడువారు చాలమంది కలరు. ఆ పొగడ్తకు ఆమె సర్వవిధముల అర్హురాలు. కాని ఆమె తొలి యేండ్ల చరిత్రను చేత బట్టుకొని, దేశము ఆమెకిచ్చినదెంత, ఇయ్యనిదెంత యని లెక్క చూచువారు అరుదుగా నున్నారు. ఆ లెక్క చూడనిదే రాబోవు పిల్లలకు దారి యేర్పడదు.

హోషియార్పూరు జిల్లాలో ముగ్గోవాల్ అను గ్రామమున 2001వ సంవత్సరము నవంబరు 27వ తేదీన ఆమె జన్మించినది. దానికి చేరువనున్న మాహిల్పూరు ఫుట్బాలు ఆటకు పంజాబులో పేరెన్నికగన్న ప్రదేశము. అయినను ఆ పిల్ల మొదట బంతి జోలికి పోలేదు. బడిలో పరుగుపందెములలో పాల్గొనుచుండెను. ఆమె కాళ్లలోని వేగమును గుర్తించి, ఫుట్బాలు ఆడుమని త్రిప్పినవాడు ఆ బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. మన పల్లెలలో డ్రిల్లు మాష్టరని పిలువబడు ఈ ఉద్యోగికి బళ్లలో దొరకు గౌరవ మెంతయో పాఠకులకు తెలియనిది గాదు. లెక్కల పంతులు సెలవు పెట్టినప్పుడు పిల్లలను కనిపెట్టి కూర్చుండుటకును, ఉత్సవములలో వరుసలు దీర్చుటకును ఆయనను పిలుతురు. కాని మనీషా చరిత్రలో మొదటి పుటను వ్రాసినవాడు ఆయనయే. మంత్రిగాని, సమాఖ్యాధ్యక్షుడుగాని, ధనికుడైన దాతగాని ఆ పుటలో కానరారు. ఒక బడి, ఆ బడికొక ఆటస్థలము, ఆ ఆటస్థలమున కన్నులు తెఱచుకొని నిలుచుండిన ఒక ఉపాధ్యాయుడు, ఇంతియే అక్కడి మూలధనము.

అక్కడినుండి ఆమె వడివడిగా ముందునకు నడచినది. 2019లో, పదునెనిమిదేండ్లు నిండకమునుపే, జాతీయ మహిళాజట్టులో స్థానము సంపాదించినది. గోకులం కేరళ క్లబ్బు తరఫున దేశపు లీగులో ఆడినది. 2020-21 సంవత్సరమునకు పైకి వచ్చుచున్న క్రీడాకారిణులలో మేటియని సమాఖ్య ఆమెకు బహుమాన మిచ్చినది. మఱుసటి సంవత్సరపు ఉత్తమ ఫుట్బాలు క్రీడాకారిణియు ఆమెయే యని 2022 ఆగస్టులో, పైన చెప్పిన బహిష్కారమునకు కొలదిదినములకు ముందే, అదే సమాఖ్య ప్రకటించినది.

ఈ నడుమ జరిగిన ఒక ఆటను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 2021 నవంబరు 25వ తేదీన బ్రెజిలు దేశమున, అమెజాను అడవుల నడుమనున్న మానౌస్ నగరమున, భారతజట్టు బ్రెజిలు జట్టు నెదుర్కొన్నది. ఆట మొదలైన నిమిషములోనే బ్రెజిలు గోలు చేసినది. ఇక ఎన్ని గోలులు పడునోయని చూచువారు భయపడుచుండగా, 8వ నిమిషమున మనీషా బంతిని దొరకించుకొని, ఎడమప్రక్కనుండి పరుగెత్తి, గోలుకాపరిని తప్పించి బంతిని వలలో వేసినది. స్కోరు సమమైనది. ఆమెకు ఇరువదియేండ్లు నిండుటకు అప్పటి కింకను రెండు దినములున్నవి.

ఈ గోలును మన పత్రికలన్నియు ముద్రించినవి. ఆట కడపట 6-1గా ముగిసినదను సంగతిని మాత్రము కొందఱు చిన్న అక్షరములతో వేసిరి. మేమట్లు చేయము. ఒక్క గోలుతో ఆఱు గోలులను కప్పిపుచ్చుట దేశభక్తి గాదు. ఆ ఒక్క గోలు ఆ పిల్ల సామర్థ్యమునకు సాక్ష్యము. ఆ ఆఱు గోలులు రెండు దేశముల యేర్పాటులకు నడుమనున్న దూరమునకు సాక్ష్యము. రెండు సాక్ష్యములను విన్నవాడే న్యాయమైన తీర్పు చెప్పగలడు.

ఆ దూరము స్వభావసిద్ధమని యెవరైన ననుకొందురేమో, వారు బ్రెజిలు చరిత్రనే చూతురుగాక. ఆనాటి ఆట బ్రెజిలు వీరాంగన ఫోర్మీగాకు వీడ్కోలు ఆట. ఆమెకప్పుడు 43 ఏండ్లు. ఏడు ప్రపంచకప్పులలో ఆడిన స్త్రీ ఆమె. ఆమె 1978లో జన్మించినప్పుడు ఆ దేశమున స్త్రీలు ఫుట్బాలు ఆడరాదను నిషేధము అమలునందుండెను! 1941లో అక్కడి ప్రభుత్వము, స్త్రీ ప్రకృతికి తగని క్రీడలను స్త్రీ లాడరాదని శాసనము చేసెను. ఆ నిషేధము 1979 వఱకును తొలగలేదు. నిషేధపు నీడలో పుట్టిన శిశువు, ఆ దేశపు స్త్రీల ఆటకు ధ్వజస్తంభమై నిలిచినది. కావున ఏ జాతి స్త్రీలును ఆటలో వెనుకబడుటకై పుట్టలేదు. వెనుకకు నెట్టువారున్నప్పుడు వెనుకబడుదురు. ఆ నెట్టుట మానిన పిదప ముందునకు వత్తురు.

మన దేశమున అట్టి శాసన మెన్నడును లేదు. ఆ సంగతి మనకు గౌరవమే. కాని శాసనము చేయు పనిని ఉపేక్ష కూడ చేయగలదు. 1975లోనే మన దేశమున మహిళా ఫుట్బాలు సమాఖ్య యేర్పడినది. 1980లో కోళిక్కోడున జరిగిన ఆసియా పోటీలో మన స్త్రీలు ద్వితీయస్థానమును పొందిరి. 1983లో బ్యాంకాకునందు మఱల ద్వితీయస్థానమును పొందిరి. అనగా నలువదేండ్లకు పూర్వము ఆసియాఖండమున మన సోదరీమణులను మించిన జట్టు ఒక్కటియే యుండెను! పిమ్మట నేమాయెను? ఇతర దేశములు లీగులను స్థాపించినవి, శిక్షకులను తయారుచేసినవి, బాలికల బళ్లలో ఆటస్థలములు వేసినవి. మనము కూర్చుంటిమి. నాడు మన వెనుకనున్నవారు నేడు కనుచూపు మేరకు ముందున్నారు. 1983లో బ్యాంకాకున ఆడిన స్త్రీల పేళ్లు మన పిల్లలలో ఎందఱికి తెలియును? పేళ్లు తెలియని తల్లుల బాటను కుమార్తెలు ఎట్లు పట్టగలరు?

మఱల మనీషా కథకు వత్తము. 2022 జనవరిలో ఆసియా కప్పు మన దేశముననే, నవీ ముంబయి, ముంబయి, పూనా నగరములలో జరిగినది. స్వదేశమున, స్వజనుల యెదుట, ప్రపంచకప్పునకు దారితీయు పోటీలో ఆడుటకంటె యువతికి కోరదగినదేమి యుండును? జనవరి 20వ తేదీన ఇరాను జట్టుతో ఆడిన ఆట గోలులు లేక సమముగా ముగిసినది. 23వ తేదీన చైనీస్ తైపీ జట్టుతో ఆడవలసిన సమయమునకు కోవిడు వ్యాధి మన శిబిరమున ప్రవేశించి, జట్టును నిలుపుటకు చాలినంతమంది ఆరోగ్యవంతులు లేకపోయిరి. ఆట జరుగలేదు. నియమముల ననుసరించి ఆతిథేయదేశము పోటీనుండియే తొలగినట్లు లెక్కింపబడెను. ఆ పిల్లల దుఃఖమును వర్ణించుట మాకు సాధ్యము గాదు. వ్యాధి యెవరి యాజ్ఞకును లోబడదు, నిజమే. కాని సంవత్సరమునకు ఎన్నో ఆటలాడు పిల్లలకు ఒక పోటీ పోయినచో మఱియొక పోటీ యుండును. మన పిల్లలకు అది యొక్కటియే యుండెను, అదియు పోయెను.

ఇక ఆగస్టు సంగతి. సమాఖ్య పెద్దల పదవీకాలము 2020 డిసెంబరుతో ముగిసినను ఎన్నికలు జరుగలేదు. వ్యాజ్యములు సాగినవి. 2022 మే నెలలో సుప్రీముకోర్టు పాలకసంఘమును నియమించినది. బయటివారి జోక్యము మితిమీరినదని ఫీఫా బహిష్కారమును విధించినది. ఎవరి తప్పెంతయని తూచుట మా ఉద్దేశము గాదు. న్యాయస్థానమే ఆ పని చూచినది. ఆ దెబ్బ యెవరి వీపున పడినదో మాత్రము చూడుడు. గోకులం కేరళ క్లబ్బు స్త్రీలు దేశపు లీగును గెలిచి, ఆసియా క్లబ్బుల పోటీ నిమిత్తము విమానమెక్కి ఉజ్బెకిస్తానులోని తాష్కెంటునకు చేరిరి. చేరునప్పటికి, మీ దేశము బహిష్కృతమైనది, మీరు ఆడుటకు వీలులేదని వారికి తెలిసినది. ఏ ఎన్నికలోను నిలువని, ఏ వ్యాజ్యమును వేయని ఆ పిల్లలు బంతిని తాకకయే వెనుకకు మరలిరి. ఆగస్టు 26వ తేదీన బహిష్కారము తొలగినది; సెప్టెంబరు 2వ తేదీన ఎన్నికలు జరిగినవి. పెద్దల చిక్కు పండ్రెండు దినములలో తీఱినది. పిల్లల పోటీ మాత్రము తిరిగి రాలేదు.

మనీషా ఆ జట్టునుండి ఆ వేసవిలోనే సైప్రసునకు పోయియుండెను. పోకయున్నచో ఆమెయు తాష్కెంటు విమానాశ్రయమునుండి తిరిగివచ్చిన వారిలో నొకతె యయ్యెడిది. ఆగస్టు 18వ తేదీన ఆమె ఎంగోమిలో ఆడగలుగుటకు కారణము, తన నేర్పును, తాను సకాలమున ఇల్లు విడుచుటయును. ఈ వాక్యమును వ్రాయుటకు మా కలము సిగ్గుపడుచున్నది. కాని ఇది యథార్థము.

ఆమె దేశము విడిచి పోయినదని గొణగువారు కొందఱున్నారు. వారికి మా సమాధానము సూటియైనది. పూర్వము మన పొలములలో పండిన ప్రత్తి ఓడలెక్కి మాంచెస్టరునకు పోయి, అక్కడ బట్టయై మరల మనకే హెచ్చు వెలకు వచ్చుచుండెను. నాడు మన పెద్దలు ప్రత్తిని నిందింపలేదు. ఊరనే రాట్నమును త్రిప్పుడనిరి, ఊరనే మగ్గమును నిలుపుడనిరి. నేడు మన పల్లెల పిల్లలు పదునెనిమిదేండ్ల వఱకు ఇంట పెరిగి, నేర్పునకు మెఱుగు దిద్దుకొనుటకు గ్లాస్గోకును, సైప్రసునకును, జాగ్రెబునకును పోవలసివచ్చుచున్నది. 2020లో మణిపురి వీరాంగన బాలాదేవి స్కాట్లండునందలి రేంజర్సు క్లబ్బునకు పోయినది. 2022లో మనీషా సైప్రసునకు పోయినది. 2024లో గ్రీసుదేశపు పావొక్ క్లబ్బున చేరినది. వారు పోవుట తప్పు గాదు. పోవలెను, నేర్వవలెను, గెలువవలెను. కాని పోవుట అభిలాషచే జరుగవలెను, ఇంట ఆటలేని కఱవుచే జరుగరాదు. కఱవుచే వలసపోవు పిల్లను చూచి దేశము గర్వపడుట, ఇంట వండిపెట్టని తల్లి పొరుగింటి భోజనమును మెచ్చుకొనుట వంటిది.

ఇంట ఆటలెన్నియో లెక్క చూతము. జాతీయ మహిళాలీగు 2017లో మొదలైనది. ఆ మొదటి యేట ఆఱు జట్లు ఢిల్లీనగరమున కూడి, మూడువారములలోపల ఆటలన్నియు ముగించుకొని ఇండ్లకు పోయినవి. విజయము పొందిన జట్టుకైనను అందు ఏడు ఆటలకు మించి లేవు. 2019-20లో జట్లు పండ్రెండైనను, రెండు భాగములుగా ఆడుటచే గెలిచిన జట్టుకు మరల ఏడు ఆటలే. 2020-21లో కోవిడు కారణమున లీగే జరుగలేదు. 2021-22లో ఒక్కొక్క జట్టు 11 ఆటలాడినది. సొంత ఊర నొకటి, ఎదిరి ఊర నొకటియను క్రమమైన పద్ధతి 2023-24లో గాని రాలేదు. అప్పుడు జట్లు ఏడు, ఆటలు 12. 2024-25లో జట్లు ఎనిమిది, ఆటలు 14. అదే యేట ఇంగ్లండు మహిళల మొదటిశ్రేణి లీగులో ఒక్కొక్క జట్టు 22 ఆటలాడినది. వానిపై కప్పుపోటీలు వేఱుగా నున్నవి.

వృద్ధి కలదని మేమొప్పుకొనుచున్నాము. ఏడు ఆటలు పదునాలుగైనవి. కాని పదునాఱేండ్లకు ఇరువదియేండ్లకు నడుమనుండు కాలము ఆటగాండ్ర జీవితమున విత్తు నాటు కార్తె వంటిది. మొక్కై వంగనిది మ్రానై వంగునా? ఆ కార్తెలో మూడువారములు వాన గురిసి, మిగిలిన నలువదితొమ్మిది వారములు ఎండ గాసినచో పంట యెట్లు పండును? కాలు తొట్రుపడిన నాడు మఱుసటివారమే దానిని దిద్దుకొనుటకు ఆట యుండవలెను. ఓడిన జట్టు గెలుచుటకు నేర్వవలెనన్న, మఱల ఆడు అవకాశ ముండవలెను. ఇది కాళ్లకు చూపునకు కలయికనిచ్చు విద్య. పుస్తకమున రాదు, ఉపన్యాసమున రాదు, సన్మానసభలో వేసిన పూలదండవలన అసలే రాదు. ఆటవలననే ఆట వచ్చును. మానౌసులో బ్రెజిలు స్త్రీలు చేసిన ఆఱు గోలులు వారి కాళ్లలోనున్న ఎన్నో వందల ఆటల ఫలము.

స్త్రీల ఆటను ఎవరు చూతురు, టిక్కెట్టు ఎవరు కొందురు అని కొందఱు వ్యాపారజ్ఞు లడుగుచున్నారు. వారికి చరిత్ర బదులు చెప్పుచున్నది. 1920 డిసెంబరు 26వ తేదీన ఇంగ్లండున లివర్పూలు నగరమందలి గూడిసన్ పార్కులో, డిక్ కెర్ అను కర్మాగారపు స్త్రీలజట్టు ఆటను చూచుటకు 53,000 మంది టిక్కెట్లు గొని వచ్చిరి. ఆ యాటలవలన వచ్చిన ధనము ధర్మకార్యములకు వినియోగమాయెను. ఏడాది తిరుగకముందే, 1921 డిసెంబరు 5వ తేదీన, అక్కడి ఫుట్బాలు సంఘము తన క్లబ్బుల మైదానములను స్త్రీల కియ్యరాదని తీర్మానించెను. ఆ తీర్మానము అర్ధశతాబ్దము నడచెను. జనము లేక ఆట చావలేదు. మైదానము లేక చచ్చినది. మైదానము తిరిగి యిచ్చిన పిమ్మట జనమును వచ్చినది. 2022 ఏప్రిలు 22వ తేదీన బార్సెలోనా నగరమున స్త్రీల ఆటను చూచినవారు 91,648 మంది. ముందు ఆటను నిలువనిండు. ఆపైన జనమును లెక్కింపుడు. విత్తులు చల్లకమునుపే బండ్లు కట్టి ధాన్యమునకు వచ్చువాడు వ్యాపారజ్ఞుడెట్లగును?

పేదదేశమున బళ్లకు కప్పులు లేవు, ఆసుపత్రులకు మందులు లేవు, ఆటలకు డబ్బెక్కడిదని మఱికొందఱి వాదము. ఈ వాదము చేయువారిలో మంచివారు గలరు గనుక దానిని గౌరవించియే బదులు చెప్పుచున్నాము. మేమడుగుచున్నది పాలరాతి మందిరములను గాదు. మనీషాకు మొదట దొరకినది బడి ఆటస్థలము, ఒక ఉపాధ్యాయుడు. అవి రెండును ప్రతి ఉన్నతపాఠశాలకు ఉండవలెనని మనమే నియమములు వ్రాసికొన్నాము. గోడ కట్టి అంగళ్లకు బాడుగ కిచ్చిన ఆటస్థలములు మన పట్టణములలో ఎన్ని లేవు? ఉన్న ఆటస్థలములలో సాయంకాలము బాలురు ఆడుచుండగా బాలికలు గోడవెంబడి నడచిపోవుచుండుట మనము చూచుట లేదా? దీనికి కావలసినది డబ్బుకంటె బుద్ధి. ఆరోగ్యవతులగు తల్లులు లేనిదే ఆరోగ్యవంతమగు జాతి లేదని వేదికలపై పలుకు మనము, పదిమంది బాలికలు పరుగెత్తుటకు గంటసేపు నేల నియ్యలేమా?

ఆంధ్ర, తెలంగాణ సోదరులకు ఈ సందర్భమున ప్రత్యేకముగా ఒక మాట మనవి చేయవలసియున్నది. ఫుట్బాలు మనకు పరాయి ఆట గాదు. 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది హైదరాబాదు పోలీసుజట్టు. 1956లో మెల్బోర్ను ఒలింపిక్కులలో భారతజట్టును నాలుగవ స్థానమునకును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమునకును నడిపించిన శిక్షకుడు సయ్యదు అబ్దుల్ రహీం హైదరాబాదువాడు. సికిందరాబాదు వీథులలో బంతి తన్ని పెరిగినవాడు తులసీదాసు బలరాం. ఆ యింట పుట్టిన మనకు నేడొక ఆడబిడ్డయు పేరు తెచ్చుచున్నది. నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబు క్లబ్బునకు పోయి వచ్చి, 2024-25లో కలకత్తా ఈస్టు బెంగాలు జట్టు లీగును గెలుచుటలో ముఖ్యపాత్ర వహించి, ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణియని సమాఖ్యచే గౌరవింపబడినది. ఆమె పైకి వచ్చిన త్రోవను చూడుడు: కేరళము, కర్ణాటకము, క్రొయేషియా, వంగదేశము. తెలుగుబిడ్డ పేరు మ్రోగించిన ఊళ్లలో తెలుగుదేశపు ఊరేది? పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మనము తలచితిమి. పొరుగువారు వచ్చి దాని విలువను తెలిసికొని పోయిరి. రహీం పుట్టిన నేలమీద బాలికలకు జిల్లాలీగు ఏడాదిలో ఎన్ని మాసములు నడచుచున్నదో పాఠకులే తమతమ జిల్లాలలో విచారింతురుగాక.

నిరాశకు మాత్రము కారణము లేదు. 2025 జూలై 5వ తేదీన థాయిలాండునందలి చియాంగ్మాయి నగరమున భారత మహిళాజట్టు ఆతిథేయజట్టును 2-1 గోలులతో వారి సొంత నేలమీద ఓడించి, 2026 ఆసియా కప్పునకు అర్హత సంపాదించినది. అర్హతపోటీలలో గెలిచి మన స్త్రీలు ఆ స్థానమును పొందుట అదియే ప్రథమము. రెండు గోలులను చేసినది వంగదేశపు సంగీతా బాస్ఫోర్. ఆ జట్టులో మనీషాయు నుండెను, సౌమ్యయు నుండెను. లీగులో ఆటలు ఏడునుండి పదునాలుగునకు పెరిగిన కొలది కాలములోనే ఈ ఫలము కలిగినదని పాఠకులు గమనింతురుగాక. కొంచెము నీరు పోసినందుకే చెట్టు ఇంత చిగిర్చినది. నిండుగా పోసినచో నేమగునో ఊహింపుడు.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, ప్రతి ఉన్నతపాఠశాలలో బాలికలకు ఆటవేళయు, వ్యాయామోపాధ్యాయుడో ఉపాధ్యాయినియో తప్పక యుండవలెను. ఆ యుద్యోగమును ఖాళీగా నుంచి పొదుపు చేయుట మానవలెను. రెండవది, ప్రతి జిల్లాలో బాలికల లీగు వారముపదిదినముల తిరునాళ్లగా గాక, మాసములతరబడి నడువవలెను. మూడవది, జాతీయలీగులో జట్లను, ఆటలను పెంచి, ఆడు స్త్రీలకు వ్రాతమూలకమైన ఒడంబడికయు, సకాలమున జీతమును, గాయమైనచో వైద్యమును కలుగజేయవలెను. నాలుగవది, క్రీడాసంఘముల ఎన్నికలు గడువునకు జరుగవలెను, లెక్కలు ప్రజల యెదుట పెట్టవలెను. పెద్దల కుర్చీల తగవు పిల్లల ఆటలను మ్రింగిన 2022 ఆగస్టు మఱల రాకూడదు.

వీనిలో మూడవదియు నాలుగవదియు ఢిల్లీలోని పెద్దల చేతిలో నున్నవి. మొదటి రెండును మన చేతిలోనే యున్నవి. పఠనాలయములలో ఈ పత్రికను జదువు సోదరులారా! మీ పట్టణమున పురపాలకసంఘపు మైదాన మొకటి యుండును. అందు బాలికలకు వారమునకు ఎన్ని గంటలు కేటాయింపబడినవో మీ సభ్యుని అడుగుడు. ఏమియు లేదని యతడు చెప్పినచో, మూడు సాయంకాలములు కేటాయింపుమని పదుగురు సంతకములు చేసి అర్జీ పెట్టుడు. మీ కుమార్తెను, మేనకోడలిని, పొరుగింటి పిల్లను ఆ మూడు సాయంకాలములును మీరే వెంటబెట్టుకొని పొండు. ముగ్గోవాల్లో పరుగెత్తుచుండిన పిల్లను చూచిన కన్నులు ఒక ఉపాధ్యాయునివి. మన ఊళ్లలో పరుగెత్తు పిల్లలు లేక కాదు, చూచు కన్నులు చాలక వెనుకబడియున్నాము. ఆ కన్నులు మనవి కావలెను.